మినిట్స్ పుస్తకంలో ఎవరి మాట ఉంది?

2009 వేసవిలో చింతూరులో, నేను పనిచేస్తున్న స్వచ్ఛంద సంస్థ ఫీల్డ్ ఆఫీసులో నెలవారీ సమీక్ష జరిగింది. చింతూరు అప్పటికి ఖమ్మం జిల్లాలోనే ఉంది. కార్యకర్తలు పన్నెండు మంది చాపల మీద, హైదరాబాదు నుంచి వెళ్లిన మేము ముగ్గురం కుర్చీల్లో కూర్చున్నాం. తన వంతు వచ్చినప్పుడు ఒక కోయ యువతి దాదాపు ఇరవై నిమిషాలు మాట్లాడింది. మావోయిస్టులకు వ్యతిరేకంగా నడిచిన సల్వాజుడుం గొడవల వల్ల ఛత్తీస్‌గఢ్ వైపు నుంచి అడవి దాటి వచ్చి, పాత ఊరికి కొంత ఎడంగా గుడిసెలు వేసుకున్న కుటుంబాల సంగతి చెప్పింది. మా సర్వే ఫారంలో మొదటి గడి రేషన్ కార్డు నంబరు కాబట్టి, కార్డులు లేని ఆ కుటుంబాల పేర్లు ఫారంలోకి ఎక్కడమే లేదని చెప్పింది. పాత ఊరివాళ్లంతా పట్టుకున్న తర్వాత మధ్యాహ్నం పూట గానీ బోరింగు దగ్గర వాళ్లకు నీళ్లు దొరకవని, మేము సంఘం మీటింగు పెట్టేది సరిగ్గా ఆ వేళకేనని, పైగా ఒక్కోసారి సంత రోజునే పెడుతున్నామని, వాళ్లు రాకపోవడానికి కారణం ఇదని వివరంగా చెప్పింది.

ఆ సమావేశానికి మినిట్స్, అంటే ఎవరేం చెప్పారన్న రికార్డు, రాసింది నేను. ఇంగ్లీషులో రాశాను, ఎందుకంటే వాటిని ఢిల్లీలోని దాతల కార్యాలయానికి పంపాలి. ఆమె చెప్పినదంతా నా చేతిలో ఒక్క వాక్యమైంది: వలస కుటుంబాల భాగస్వామ్యం తక్కువగా ఉంది, కార్యకర్త మరింత కృషి చేయాలి. మరుసటి నెల సమీక్షలో ఆ వాక్యాన్ని తెలుగులో చదివి వినిపించినప్పుడు ఆమె తల ఎత్తి, "మేడం, నేను చెప్పింది ఇందులో ఎక్కడుంది?" అని అడిగింది. గొంతులో కోపం లేదు. నిజంగానే వెతుక్కుంటున్నట్టు అడిగింది. మా తప్పును ఆమె మాకు చెబితే, దాన్ని నేను ఆమె తప్పుగా రికార్డులోకి ఎక్కించానని అప్పుడు అర్థమైంది.

స్వచ్ఛంద సంస్థల్లో వైవిధ్యం, సమత, అందరినీ కలుపుకుపోవడం అనే మాటలు ఇప్పుడు ప్రతి ప్రపోజల్‌లోనూ కనిపిస్తున్నాయి. సిబ్బందిలో ఎందరు ఆడవాళ్లు, ఎందరు ఎస్సీలు, ఎందరు ఎస్టీలు అని దాతలు పట్టిక అడుగుతారు, సంస్థలు నింపి పంపుతాయి. ఆ పట్టిక ప్రకారం చూస్తే మా సంస్థ 2009లోనే ఆదర్శ సంస్థ, ఎందుకంటే సిబ్బందిలో సగానికి పైగా ఆదివాసీలు, దళితులు. అయినా ఆమె మాట మినిట్స్ పుస్తకం దాకా రాలేదు. ఈ రంగంలో పద్దెనిమిదేళ్లు పనిచేసిన తర్వాత నాకు గట్టిగా అనిపిస్తున్నది ఇది: ఒక సంస్థ అందరిదీ అవునో కాదో తెలుసుకోవాలంటే హాజరు పట్టీ చూస్తే సరిపోదు, మినిట్స్ ఎవరు రాస్తున్నారు, చెక్కు మీద ఎవరు సంతకం పెడుతున్నారు, అడ్వాన్సు ఎవరికి ముందుగా అందుతోంది అన్నది చూడాలి.

జీతాల రిజిస్టరును పై నుంచి కిందికి చదివితే ఈ విషయం ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. నేను చూసిన సంస్థల్లో పై నాలుగైదు వరుసలు డైరెక్టరు, ప్రోగ్రాం మేనేజరు, ఫైనాన్స్ మేనేజరు, డాక్యుమెంటేషన్ చూసేవారివి. వాటిలో ఎక్కువగా నాలాంటి అగ్రకుల, పట్టణ, ఇంగ్లీషు చదువుల వాళ్లే ఉంటారు. మధ్య వరుసల్లో బీసీ కులాల నుంచి వచ్చిన కోఆర్డినేటర్లు కనిపిస్తారు. కింద ఇరవై ముప్పై పేర్లు దళిత, ఆదివాసీ కార్యకర్తలవి, వాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. వాళ్లకు ఇచ్చేదానికి జీతం అని కాకుండా గౌరవ వేతనం అని పేరు. ఊరి నిర్మాణాన్ని మార్చడానికి పుట్టిన సంస్థ రిజిస్టరులో ఊరే వరుస తప్పకుండా నిలబడి ఉండడం నాకు ఇప్పటికీ బాధ కలిగిస్తుంది.

ఆ గౌరవ వేతనం అనే మాట దగ్గర ఒక్క క్షణం ఆగుతాను. పని చేసే చోట లైంగిక వేధింపుల మీద మన దేశంలో ఉన్న చట్టానికి మూలం 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన విశాఖ తీర్పు. ఆ తీర్పుకు దారితీసింది 1992లో రాజస్థాన్‌లో భన్వరీ దేవిపై జరిగిన అత్యాచారం. ఆమె కుమ్మరి కులానికి చెందిన స్త్రీ, మహిళాభివృద్ధి కార్యక్రమంలో సాథిన్‌గా పనిచేసేది, బాల్య వివాహాన్ని ఆపడానికి ప్రయత్నించినందుకు ఆమె మీద పగబట్టారు. సాథిన్ అంటే ఉద్యోగి కాదు, గౌరవ వేతనం తీసుకునే కార్యకర్త. ఊళ్లో అత్యంత ప్రమాదకరమైన పని ఆమె చేయాలి, కాని ఉద్యోగికుండే రక్షణ ఆమెకు లేదు. 2013 చట్టం వచ్చాక జీతం తీసుకోని వాలంటీరును కూడా ఉద్యోగిగానే లెక్కించాలి, పదిమంది సిబ్బంది ఉన్న ప్రతి సంస్థలోనూ వేధింపుల ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ ఉండాలి. అయినా నేను వెళ్లిన ఎన్నో ఫీల్డ్ ఆఫీసుల్లో ఆ కమిటీ సభ్యుల ఫోను నంబర్లు హైదరాబాదు ఆఫీసు గోడ మీదే ఉన్నాయి, ఒంటరిగా అడవి దారిలో నడిచివెళ్లే కార్యకర్త చేతిలో లేవు.

ఈ పరిస్థితి ఎవరో కుట్ర చేసినందువల్ల వచ్చింది కాదు. మన దగ్గర ఎన్నో స్వచ్ఛంద సంస్థలు 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన తర్వాత సహాయం చేయడానికి వెళ్లిన యువతీయువకుల నుంచి పుట్టాయి. ఉద్యోగాలు వదులుకుని, ఇంట్లో వాళ్లతో తగువుపడి, శవాలు ఎత్తి, ఆ తర్వాత ఊళ్లలోనే ఉండిపోయిన వాళ్ల త్యాగం నాకు తెలుసు, వాళ్లలో కొందరి దగ్గరే నేను పని నేర్చుకున్నాను. కాని సంస్థ రిజిస్ట్రేషనుకు పేర్లు కావలసి వచ్చినప్పుడు వాళ్లు తమకు తెలిసిన వాళ్లనే రాశారు. ఇప్పుడున్న 2001 నాటి సొసైటీల చట్టం ప్రకారమైనా ఏడుగురు ఉంటే చాలు. ఆ ఏడుగురిలో భార్యో, తమ్ముడో, కాలేజీ మిత్రుడో, ఒక రిటైర్డు ప్రొఫెసరో ఉంటారు. ముప్పై నలభై ఏళ్ల తర్వాత చూస్తే కార్యవర్గంలో అవే ఇళ్ల పేర్లు కనిపిస్తాయి. ప్రభుత్వ ఉద్యోగాలకు రాజ్యాంగం రిజర్వేషన్ కల్పించింది గాని సొసైటీలకూ ట్రస్టులకూ ఆ నిబంధన వర్తించదు కాబట్టి, ఈ ఏడు పేర్లను మార్చమని అడిగే చట్టం ఏదీ లేదు. అడగాల్సింది మనమే.

ఇది చెప్పినప్పుడల్లా ఎదురయ్యే మొదటి జవాబు, మాకూ దళితులను, ఆదివాసీలను పై హోదాల్లో పెట్టుకోవాలనే ఉంది గాని అర్హులు దొరకడం లేదు అన్నది. అర్హతలు రాసేది ఎవరో చూద్దాం. చింతూరు ఉద్యోగానికి మేము ఇచ్చిన ప్రకటనలో సోషల్ వర్క్‌లో పీజీ, ఇంగ్లీషులో రిపోర్టు రాయగల సామర్థ్యం, టూ వీలర్ లైసెన్సు అడిగాం. కోయ భాష వచ్చి ఉండాలని ఎక్కడా రాయలేదు. అక్కడ పనికి అన్నిటికంటే ముందు కావలసింది ఆ భాషే, ఎందుకంటే తెలుగులో మేము అడిగితే తల ఊపే ముసలమ్మ కోయలో అడిగితే గంటసేపు చెబుతుంది. ఇంటర్ దాకా చదివి, కోయ, తెలుగు రెండూ మాట్లాడుతూ, అటవీ శాఖ వాళ్లతో నిలబడి వాదించగల అమ్మాయి మా ప్రకటన ప్రకారం అనర్హురాలు. ఆ భాష ఒక్క ముక్క రాని నేను అర్హురాలిని, ఆమె మీద అధికారిని కూడా.

సెలవుల జాబితా కూడా ఇలాంటిదే. ఆఫీసుకు సంక్రాంతి, ఉగాది, దసరా సెలవులు ఉన్నాయి. మన్యంలో విత్తనాల ముందు వచ్చే భూమి పండగకు ఊళ్లకు ఊళ్లే పనులు మానుకుంటాయి, ఆ రోజుల్లో బయటి పనికి ఎవరూ కదలరు. ఒక ఏడాది సరిగ్గా ఆ రోజుల్లోనే మూడు రోజుల శిక్షణ పెట్టి, రాలేదని కార్యకర్తల జీతంలో కోత పెట్టాం. కోత పెట్టిన కాగితం మీద సంతకం నాది కాకపోయినా ఆ తేదీలు ఖరారు చేసినప్పుడు నేను అక్కడే ఉన్నాను, క్యాలెండరులో ఏ పండగా లేదని చూసి సరే అన్నాను.

వికలాంగుల విషయంలో మా రంగం ఇంకా వెనకబడి ఉంది. 2016 చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించి, ప్రతి సంస్థా సమాన అవకాశాల విధానాన్ని ప్రకటించాలని చెప్పింది. ర్యాంపు కట్టించామని ఫొటో పంపే సంస్థలు ఉన్నాయి, మంచిదే. కొన్నేళ్ల కిందట చూపులేని ఒక డిగ్రీ పట్టభద్రుడు మా దగ్గర శిక్షకుడిగా చేరాడు. అతను కంప్యూటరులో, తెరమీది అక్షరాలను పైకి చదివి వినిపించే స్క్రీన్ రీడర్ సాయంతో చదువుకుంటాడు. మా శిక్షణ కరదీపికలన్నీ డీటీపీ చేసే షాపులో అను ఫాంట్లలో కొట్టించినవి, ఏ కంప్యూటరైనా తెలుగుగా గుర్తుపట్టే యూనికోడ్‌లో లేవు. తెరమీద మనకు తెలుగు అక్షరాలుగా కనిపించేవి అతని స్క్రీన్ రీడర్‌కు అర్థంలేని గుర్తుల వరుసగా వినిపించాయి. ఇరవై ఏళ్లుగా మేము తయారుచేసిన తెలుగు పుస్తకాల్లో ఒక్క పేజీ కూడా అతను చదవలేకపోయాడు. మళ్లీ టైపు చేయించడానికి బడ్జెట్ లేదని చెప్పాం. మూడు నెలలకు అతను మానేశాడు. వెళ్తూ, వాటిని యూనికోడ్‌లోకి మార్చే ఉచిత సాధనాలు ఉన్నాయని, తప్పులు దిద్దుకోవడానికి మాత్రం ఒక మనిషి కావాలని చెప్పి వెళ్లాడు. ఆ మాట మేము అతను ఉన్నప్పుడే అడిగి ఉండాల్సింది.

ఇక డబ్బు. సమత అనే మాటకు అన్నిటికంటే నికార్సయిన పరీక్ష టీఏ బిల్లులో, అంటే ప్రయాణ ఖర్చుల బిల్లులో, ఉంది. డైరెక్టరు ఢిల్లీ వెళ్తే టికెట్టు, హోటలు ముందుగానే సంస్థ బుక్ చేస్తుంది, చేతిలో అడ్వాన్సు కూడా ఉంటుంది. కార్యకర్త మాత్రం తన డబ్బుతో తిరిగి, నెలాఖరున బిల్లు పెట్టి, నెలా నెలన్నర తర్వాత తీసుకుంటుంది. ఆ బిల్లు ఎలా తయారవుతుందో నేను దగ్గరగా చూశాను. తెల్లకాగితం మీద ఆర్టీసీ టికెట్లు గంజితో అంటించి, పక్కన తేదీ, ఊరు, పని రాస్తారు. మెషిన్ టికెట్టు మీద సిరా నాలుగు వారాలకే వెలిసిపోతుంది, కాబట్టి కొందరు ముందుజాగ్రత్తగా టికెట్టు కొన్న రోజే దాని మీది అంకెల్ని బాల్ పెన్నుతో దిద్దుకుంటారు. దిద్దినట్టు కనిపిస్తే అకౌంటెంటు ఆ టికెట్టు కొట్టేస్తాడు. షేర్ ఆటోకు రసీదు ఉండదు, పడవకు అసలే ఉండదు. ఒక కార్యకర్త నోటుపుస్తకంలో సంస్థ నుంచి రావాల్సిన మొత్తం, ఆమె వడ్డీకి తెచ్చిన మొత్తం ఎదురెదురుగా రాసి ఉండడం చూసినప్పుడు, అతి తక్కువ జీతగాళ్ల దగ్గర సంస్థ వడ్డీ లేని అప్పు తీసుకుంటోందని నాకు తట్టింది. పొదుపు సంఘాలకు వడ్డీ పాఠాలు చెప్పే సంస్థే అది. ఆ తర్వాత నేను పనిచేసిన చోట నెల మొదటి రోజే ప్రతి కార్యకర్తకూ ప్రయాణ అడ్వాన్సు ఇవ్వాలని పట్టుబట్టాను. దానికి కొత్త నిధులు అవసరం కాలేదు, బ్యాంకులో ఉన్న డబ్బు కొన్ని వారాలు ముందుగా కదిలింది, అంతే.

ఈ అసమానతను పై నుంచి వచ్చే నియమాలు కూడా పెంచుతున్నాయి. 2020లో విదేశీ విరాళాల చట్టానికి వచ్చిన సవరణ ప్రకారం ఒక సంస్థ తనకు వచ్చిన విదేశీ నిధులను ఇంకో సంస్థకు బదలాయించకూడదు, పరిపాలనా ఖర్చు 50 శాతం దాకా ఉండవచ్చన్నది 20 శాతానికి తగ్గింది. అంతకు ముందు విదేశీ దాతలను సొంతంగా చేరుకోలేని చిన్న దళిత సంఘమో, ఆదివాసీ యువజన సంఘమో ఒక పెద్ద సంస్థ ద్వారా కొంత డబ్బు పొంది తన ఊళ్లలో తన పద్ధతిలో పనిచేసుకునే వీలుండేది. ఇప్పుడు పెద్ద సంస్థ తానే ఆ ఊరికి వెళ్లి, ఆ సంఘం వాళ్లను తన కింద కార్యకర్తలుగా పెట్టుకోవాల్సి వస్తోంది. నాయకులు ఉద్యోగులయ్యారు. కంపెనీల చట్టం కింద 2014 నుంచి వస్తున్న సీఎస్సార్ నిధుల, అంటే కంపెనీలు లాభాల్లో రెండు శాతం సామాజిక పనులకు ఖర్చుపెట్టే డబ్బు, సంగతి వేరే రకం. అక్కడ కావలసింది ఇంగ్లీషు ప్రెజెంటేషను, చూపించడానికి ఒక అంకె. తెలుగులో రాసిన దరఖాస్తును తీసుకుని చదివిన సీఎస్సార్ విభాగాన్ని నేను ఇంతవరకు చూడలేదు.

ఇలా కాక వేరేలా జరగవచ్చని చూపించిన వాళ్లు మన మధ్యే ఉన్నారు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లో ఎక్కువమంది పేద దళిత మహిళలు. అక్షరం రాని ఆడవాళ్లకు అక్కడ కెమెరా నేర్పించారు, చదువు వచ్చేదాకా ఆగమనలేదు. 2008 అక్టోబరు 15న మాచ్‌నూరులో మొదలైన సంఘం రేడియోను నడిపింది ఆ ఊళ్ల దళిత స్త్రీలే, తమ ఊరి మాటలోనే. కొర్రలు, సామలు ఎలా దాచుకోవాలో వాళ్ల నోటనే ఆ రేడియోలో వినిపించింది. ఆ సంస్థను మొదలుపెట్టిన వారిలోనూ చదువుకున్న బయటివాళ్లున్నారు, కాని చెప్పే మాట ఎవరిదన్న దగ్గర వాళ్లు తీసుకున్న నిర్ణయం వేరు.

ఇంకొకటి పాకీ పనిని రూపుమాపడానికి పోరాడే సఫాయి కర్మచారీ ఆందోళన్. పాకీ పని చేసే కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ దానికి ముందు నిలబడ్డారు, 2016లో ఆయనకు మెగసెసే అవార్డు వచ్చింది. ఆ ఉద్యమం సుప్రీంకోర్టుకెళ్లి నడిపిన కేసులోనే, 1993 నుంచి మురుగు కాల్వల్లో చనిపోయిన ప్రతి మనిషి కుటుంబానికి 10 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని 2014 మార్చి 27న తీర్పు వచ్చింది. ఈ ఉద్యమం వెనక ఎస్.ఆర్. శంకరన్ అనే ఐఏఎస్ అధికారి ఉండేవారని చాలామందికి తెలుసు. ఆయన తన అనుభవం, పరిచయాలు, ప్రభుత్వ యంత్రాంగం మీద తనకున్న పట్టు అన్నీ ఆ ఉద్యమానికి ఇచ్చి, మైకు మాత్రం తన దగ్గర ఉంచుకోలేదు. అగ్రకులాల నుంచి ఈ రంగంలోకి వచ్చిన నాలాంటి వాళ్లం ఏం చేయాలి అని యువ సహోద్యోగులు అడిగినప్పుడు నేను ఆయన పేరే చెబుతాను.

కులం అడగడం అవమానం, మా సంస్థలో అందరం ఒకే కుటుంబం అనే వాదన నేను చాలాసార్లు విన్నాను, ఒకప్పుడు నేనూ అన్నాను. అడగకపోవడం వల్ల లాభం పొందేది ఎప్పుడూ పై వరుసల వాళ్లే అని ఇప్పుడు తెలుసు. తెలంగాణ ప్రభుత్వం 2024లో ఇంటింటి కులసర్వే చేసి, ముస్లిం బీసీలతో కలిపి బీసీలు 56.33 శాతం, ఎస్సీలు 17.43 శాతం, ఎస్టీలు 10.45 శాతం అని లెక్క చెప్పింది. రాష్ట్రమంతటినీ అడగగలిగినప్పుడు నలభై మంది ఉన్న సంస్థ తన రిజిస్టరును హోదాల వారీగా లెక్కవేసి, వార్షిక నివేదికలో అచ్చువేయడానికి వెనకాడాల్సిన పనిలేదు. మొత్తం శాతాలు వేస్తే చాలదు, హోదాల వారీగానే వేయాలి, లేకపోతే కింది ముప్పై పేర్లు పై ఐదు పేర్లను కప్పేస్తాయి. ఒక దళిత సభ్యుణ్ణి బోర్డులోకి తీసుకుని పని అయిపోయిందనుకోవడమూ సరికాదు. ఎస్సీల వర్గీకరణకు 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు అనుమతించాక, 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణ 59 ఎస్సీ కులాలను మూడు గ్రూపులుగా విభజించింది. ఆ 59 కులాల తరఫున ఒక్కరే మాట్లాడాలని కోరడం ఆ ఒక్కరికీ అన్యాయమే. చింతూరులో కోయ యువతి మాకు చెప్పిన సంగతీ ఇలాంటిదే. బయటి నుంచి చూసే మాకు అందరూ ఆదివాసీలే, అక్కడ మాత్రం పాత ఊరికీ కొత్త గుడిసెలకూ మధ్య ఒక బోరింగు ఉంది.

ఆమె ఆ సంస్థలో ఏడేళ్లు పనిచేసింది. చేరినప్పుడు ఏ హోదాలో చేరిందో వదిలేసినప్పుడు కూడా అదే హోదాలో ఉంది. ఆ ఏడేళ్లలో నాకు రెండు ప్రమోషన్లు వచ్చాయి, రెండూ చింతూరు పని బాగా జరిగిందన్న రిపోర్టుల మీదే వచ్చాయి. ఆమె ఇప్పుడు తన ఊరి అంగన్‌వాడీలో టీచరు. రెండేళ్ల కిందట కలిసినప్పుడు ఆ మినిట్స్ సంగతి ఎత్తి క్షమించమని అడిగాను. ఆమెకు ఆ వాక్యం పదానికి పదం గుర్తుంది. క్షమించానని గాని, పర్వాలేదని గాని అనలేదు. ఆ గుడిసెల్లో కొందరికి తర్వాత ఆధార్ వచ్చిందని, బోరింగు మాత్రం ఇంకా అదేనని చెప్పింది.

నేను ప్రస్తుతం మన్యంలోనే పనిచేసే ఒక చిన్న సంస్థ కార్యవర్గంలో ఉన్నాను. అక్కడ రెండేళ్లుగా మినిట్స్ తెలుగులో రాస్తున్నాం, సమావేశం ముగిసేలోపు పైకి చదువుతున్నాం, తమ మాట సరిగ్గా రాలేదని ఎవరైనా అంటే అక్కడికక్కడే దిద్దుతున్నాం. దానివల్ల ప్రతి సమావేశం గంటకు పైగా సాగుతోంది, దాతలకు ఇంగ్లీషు ప్రతి పంపడం వారం ఆలస్యమవుతోంది. ఈ ఏడాది సర్వసభ్య సమావేశానికి ముందు నేనూ ఇంకో సభ్యుడూ మా స్థానాలు వదులుకుంటున్నట్టు ఉత్తరాలు ఇచ్చాం. మా బదులు ఒక కోయ స్త్రీ, ఒక కొండరెడ్డి తెగ యువకుడు పోటీలో ఉన్నారు. ఎన్నికైతే చెక్కుల మీద సంతకం చేసే ముగ్గురిలో ఒకరుగా ఆమె పేరు బ్యాంకుకు పంపాలని తీర్మానం సిద్ధం చేశాం. నామినేషను వేసేముందు ఆమె రెండు విషయాలు అడిగింది. సమావేశాలు హైదరాబాదులో కాకుండా చింతూరులో పెట్టగలరా, సంత రోజున పెట్టకుండా ఉండగలరా అని. రెండింటికీ ఒప్పుకుని తేదీ మార్చాం.